గీతకు పెట్టిన దండం

హైదరాబాద్ వెళ్లొచ్చినవాడిని మా ఊళ్లో ముందుగా అడిగేది చార్మినార్ గురించి, తరువాత బిర్యానీ గురించి. నేను అక్కడ వారం రోజులున్నాను. చార్మినార్ చూడలేదు. బిర్యానీ ఒక్కసారి తిన్నాను, అదీ నాచారంలో, ఒక గోదాము మెట్ల మీద, వానకు ప్లేటు తడవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటూ. కాబట్టి ఆ రెండింటి కోసం ఇది చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను చెప్పబోయేది కరెంటు కుర్చీల్లో కూర్చుని ఆడే ఫుట్‌బాల్ గురించి, మా మేనకోడలు సత్యవేణి కుడి చేతి గురించి.

నేను పాలకొల్లులో డ్రిల్లు మాస్టారిని. ముప్పై ఏళ్లుగా విజిల్ ఊదుతున్నాను. వేణి మా చెల్లెలు నాగమణి కూతురు, పద్నాలుగేళ్ల పిల్ల. పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బు వల్ల ఆరో ఏట నడక ఆగిపోయింది. వేళ్లు చక్కగా పనిచేస్తాయి కానీ చేతుల్లో బలం లేదు. కుడి చెయ్యి మొహం దాకా రావాలంటే ఎడమ చేత్తో మోచేతిని కింద నుంచి ఎత్తుకోవాలి. మా బడిలోనే చదువుతోంది. ఆటల పీరియడ్‌లో వరండాలో కూర్చుని మిగతా పిల్లల వాచీలు, చెప్పులు కాపలా కాయడం ఆమె పని. ఆ పని ఇచ్చింది నేనే. ఒక్క వాచీ కూడా పోలేదని హెడ్మాస్టరు గారి ముందు మెచ్చుకున్నాను కూడా.

ఇది నిరుటి వానాకాలం సంగతి, రాష్ట్రం ఇంకా విడిపోలేదు. వేణిని చూసే డాక్టరు గారు ఒక కబురు చెప్పారు. నాచారంలో మల్లేశ్ అనే ఆయన కరెంటు కుర్చీల ఫుట్‌బాల్ నేర్పుతున్నాడట. అయిదు రోజుల శిబిరం. పన్నెండు మంది పిల్లలు, ఆరు బండ్లు. ఆ కరెంటు కుర్చీలనే అక్కడ బండ్లంటారు. చివరి రోజు ఆరుగురిని ఎంచి, ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి తలా ఒక బండి ఏడాది పాటు ఇచ్చి పంపుతారట. వేణికి ఉన్నది ఎవరైనా తోస్తేనే కదిలే కుర్చీ. ఎనిమిదేళ్లుగా ఆ పిల్ల కిటికీ దగ్గరకు వెళ్లాలన్నా ఎవరినో ఒకరిని పిలవాలి.

మా చెల్లెలికి ఆట మీద ఇష్టం లేదు, బండి మీద ఉంది. నాకు ఆట మీద ఇష్టం ఉంది, నమ్మకం లేదు. వేణి మాత్రం బట్టలు మూడు రోజుల ముందే సర్దించుకుంది.

సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ దాకా

స్టేషన్ బయట జహంగీర్ అనే ఆయన మా ముగ్గురి కోసం నిలబడి ఉన్నాడు. మల్లేశ్ పంపాడట. ఆయనది సామాన్లు మోసే ట్రాలీ ఆటో. వెనక రెండు చెక్కలు వాల్చి, కుర్చీతో సహా వేణిని పైకి తోసి, తాళ్లతో నాలుగు వైపులా కట్టేశాడు.

"ఫికర్ జెయ్యకు సార్. మొన్న గిట్లనే ఫ్రిజ్ తీస్కపోయిన, గీత గూడ పడలే" అన్నాడు నాతో.

మా ఊళ్లో నన్ను నువ్వు అనేవాళ్లు ఇద్దరే ఉండేవారు, మా అమ్మా నాన్నా. ఇద్దరూ పోయారు. ఉప్పల్ చేరేలోగా నలుగురు అన్నారు. అందులో ఒకడు దారి ఇమ్మని అరిచిన స్కూటరు కుర్రాడు. మొదట మొహం చిట్లించాను. ఆ తరువాత గమనించాను, ఆ నువ్వులో చిన్నచూపేమీ లేదు. వీళ్లు అన్నా అంటూనే, సార్ అంటూనే నువ్వంటారు. మా గోదావరి జిల్లాలో పొమ్మనడానికి కూడా "తమరు దయచేయండి" అంటాం. ఆ తేడా ఎంత దూరం వెళ్తుందో నాకప్పటికి తెలియదు.

రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి కానీ వాటి మీద ఇంకా ఏమీ లేదు. పందిరికి రాటలు పాతి పెళ్లి మర్చిపోయినట్టుంది. కింద అంతా గోతులు. ప్రతి గోతికీ జహంగీర్ వెనక్కి తిరిగి "అమ్మా, జర పట్టుకో" అని వేణిని హెచ్చరించాడు. పట్టుకోవడానికి ఆమెకు బలం లేదు, పడిపోవడానికి తాళ్లు ఒప్పుకోలేదు.

ఉప్పల్, లక్ష్మక్క ఇల్లు

మాకు గది ఇచ్చిన లక్ష్మక్కది చౌరస్తాకు కాస్త లోపల ఉన్న ఇల్లు. గుమ్మానికి మూడు మెట్లున్నాయి. మేం వచ్చేసరికే ఆవిడ ఒక పాత తలుపు రెక్కను వాటి మీద వాలుగా వేయించి పెట్టింది.

"ఆంధ్రోళ్లా?" అని అడిగింది.

"అవునండి."

"మంచిది. ఎట్లనన్న పోతరు గదా, పోయేదాంక కడుపునిండ తినుండ్రి."

శిబిరం అయిదు రోజులేనని చెప్పబోయాను. ఆవిడ అన్నది ఆ పోవడం గురించి కాదని నాగమణి నా చెయ్యి నొక్కింది. టీవీలో అప్పుడే ఎవరో నాయకుడు అదే విషయం గట్టిగా మాట్లాడుతున్నాడు. లక్ష్మక్క టీవీ గొంతు తగ్గించి మాకు జొన్నరొట్టెలు పెట్టింది.

పచ్చి పులుసు అక్కడే మొదటిసారి తిన్నాను. మా వైపు పులుసంటే పొయ్యి మీద పెడతాం. వీళ్లు పెట్టరు. చింతపండు నీళ్లలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు పిసికి అన్నంలో పోసుకుంటారు. తినకముందు జాలిపడ్డాను. తిన్నాక రెండుసార్లు పోయించుకున్నాను. వేణి నోటికి లక్ష్మక్కే ముద్దలు అందించింది. "బుక్కెడు తిను బిడ్డా, రేపు కొట్లాడాలె" అంది. కొట్లాట కాదండి, ఆట అని వేణి మెల్లగా సరిదిద్దింది.

నాచారం, గోదాము

నాచారంలో గాలి ఒక వైపు నుంచి వీస్తే బిస్కట్ల వాసన, ఇంకో వైపు నుంచి వీస్తే మందుల ఫ్యాక్టరీ వాసన. మేం వెళ్లినప్పుడు బిస్కట్ల వైపు ఉంది. ఒకప్పుడు కాగితం చుట్టలు పెట్టుకున్న గోదామట అది. నేల నున్నగా ఉంది. గోడలకు పాత పరుపులు కట్టారు. తెల్ల రంగుతో గీతలు గీశారు.

మల్లేశ్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. ఇదే నాచారంలో ఇనుము తరిగే లేతు మిషన్ మీద పనిచేసేవాడు. నడుం మీద బరువు పడి కాళ్లు పోయాయి. తన కుర్చీని తనే చేతులతో తిప్పుకుంటాడు. బండ్ల ముందు కాళ్లకు అడ్డంగా బిగించిన ఇనుప చట్రాలు ఆయన చేసినవే. వాటిని బంపర్ అంటారు. ఆటగాళ్లు బంతిని తన్నేది ఆ బంపర్‌తోనే. బంతి మామూలు ఫుట్‌బాల్‌కు ఒకటిన్నర ఉంటుంది.

నేను డ్రిల్లు మాస్టారినని పరిచయం చేసుకున్నాను. ముప్పై ఏళ్ల అనుభవం గురించి కూడా చెప్పాను.

"మంచిగైంది సారూ. నువ్వు బంతులు ఏరు" అన్నాడు.

వేణిని బండిలో కూర్చోబెట్టి, నడుముకు, ఛాతీకి పట్టీలు బిగించారు. కుడి వేళ్ల కింద చిన్న పుల్లలాంటి మీట. ముందుకు వంచితే ముందుకు, పక్కకు వంచితే పక్కకు వెళ్తుంది. వదిలేస్తే టక్కున ఆగుతుంది. వేణి మీటను ముందుకు వంచింది. బండి పది అడుగులు వెళ్లింది, ఆగింది, ఇంకో పది అడుగులు వెళ్లింది. వెనకాలే మా చెల్లెలు కూడా వెళ్లింది, రెండు చేతులూ చాచి, గాలిని తోసుకుంటూ. తోయక్కర్లేదని ఎవరో చెప్పేదాకా ఆ చేతులు దింపలేదు. నేను బంతులు ఏరడానికి అటు తిరిగిపోయాను.

ఆ పూటే వేణి చేసిన పని చూసి మల్లేశ్ విజిల్ నోట్లో నుంచి తీశాడు. పక్క నుంచి వస్తున్న బంతికి ఎదురు వెళ్లకుండా, ఉన్నచోటే బండిని గిర్రున తిప్పి, బంపర్ మూలతో కొట్టింది. బంతి తిన్నగా రెండు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. మిగతా పిల్లలకు అది నేర్పడానికి నెల పడుతుందట.

"యాడ నేర్చినవ్ బిడ్డా?"

"వరండాలో అండి" అంది వేణి.

అయిదేళ్లుగా చెప్పులు కాపలా కాస్తూ, మా బడి పిల్లల ఆటలో బంతి ఎక్కణ్ణుంచి ఎటు పోతుందో అన్నీ చూసి పెట్టుకుంది. నేను వాచీలు చూడమన్నాను, ఆమె ఆట చూసింది.

తరువాత ఎదురెదురు ఆట పెట్టారు. ఎదుట రాజు. లాలాపేట్ కుర్రాడు, పంతొమ్మిదేళ్లు, సొంత బండి ఉన్నవాడు. శిబిరానికి వచ్చిన ప్రతి పిల్లనీ పరీక్షించే గోడ అతనే. ఈ ఆటలో బంతి దగ్గర ఒక్కో జట్టు నుంచి ఒక్కరే ఉండాలి. సాయానికి రెండోవాళ్లు వస్తే ఫౌల్. వెనక నుంచి గుద్దినా ఫౌలే. మధ్యలో బంతి ఉండి, బంపర్లు ఎదురెదురుగా తగులుకుంటే మాత్రం అది ఆట. బలమున్నవాళ్లు తోసుకుపోవచ్చు.

వేణి బంపర్ రాజు బంపర్‌కు తగిలింది. వెంటనే వేణి మీట వదిలేసింది. ఎడమ చేత్తో కుడి మోచెయ్యి ఎత్తుకుని, వేళ్లను రెండు కళ్లకూ అద్దుకుంది. బండి ఉన్నచోటే ఆగిపోయింది. ఆ చెయ్యి పైకి వెళ్లి కిందికి రావడానికి పట్టేంత సేపట్లో రాజు బంతి తీసుకుపోయి గోల్ కొట్టి వెనక్కి వచ్చాడు.

"ఏమైంది?" అన్నాడు మల్లేశ్.

"కాలు తగిలిందండి" అంది వేణి.

కాలు ఎవరికి తగిలినా దండం పెట్టడం మనందరికీ ఉన్నదే. ఇంట్లో అందరి కాళ్లూ వేణి కుర్చీకి తగులుతూనే ఉంటాయి, అందరూ ఆమెను ముట్టుకుని కళ్లకద్దుకుంటూనే ఉంటారు. ఆమె కాళ్లు మాత్రం ఎనిమిదేళ్లుగా ఎవరికీ తగల్లేదు. తగలడానికి అవి కదలాలి కదా. ఆ రోజు కదిలాయి, తగిలాయి, వాళ్లమ్మ చిన్నప్పుడు నేర్పినట్టే చేసింది.

ఆ పూట పదకొండుసార్లు తగిలింది. పదకొండు దండాలు, పదకొండు బంతులు పోయాయి. పైగా బంతి కోసం వెళ్తూ ప్రతిసారీ రాజును "కొంచెం జరుగుతారా అండీ?" అని అడిగేది. రాజు జరగలేదు కానీ, "ఏం గాదు చెల్లె" అని మర్యాదగానే బంతి తీసుకున్నాడు.

మళ్లీ నాచారం, రెండు రోజుల వైద్యం

రెండో రోజు మల్లేశ్ ఒక గుడ్డపట్టీతో వేణి చేతిని మీట పక్కన కట్టేశాడు. బంపర్ తగిలింది. చెయ్యి లేవలేదు కాబట్టి తలే చేతి దగ్గరకు వంగింది. కళ్లు కూడా మూసుకుంది. ఈసారి బండి ఆగలేదు. పరుపు కట్టిన గోడ దగ్గర ఆగింది. పట్టీ విప్పేశారు.

మూడో రోజు నా వంతు. బిర్యానీ తిన్న రోజు అదే. మెట్ల మీద కూర్చుని వేణికి వివరంగా చెప్పాను. తగిలేది కాలు కాదు, ఇనుము. లేతు మిషన్ మీద తయారైనది. సైకిల్ సైకిల్‌కు తగిలితే ఎవరైనా దండం పెడతారా? తెలివిగా చెప్పాననే అనుకున్నాను.

వేణి, "అది కాలు కాకపోతే నేనాడేది ఫుట్‌బాల్ ఎలా అవుతుంది మావయ్యా?" అంది.

ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టడం మర్చిపోయాను. ప్లేటులో అన్నం తడిసిపోయింది.

నాగమణిని పక్కకు పిలిచి, నువ్వైనా చెప్పమన్నాను. అది గీత బయట నిలబడి, కూతురు దండం పెట్టినప్పుడల్లా తనూ పెడుతోంది.

"కాలు తగిలితే దండం పెట్టొద్దని పిల్లకి నేనెలా చెప్పను అన్నయ్యా? నడక నిలబెట్టలేకపోయాను, పరుగు నేర్పలేకపోయాను. అదొక్కటీ నేర్పగలిగాను" అంది. దాని కళ్లు ఎర్రబడ్డాయి.

సాయంత్రం మల్లేశ్ నన్ను పిలిచాడు. "సారూ, నిజం జెప్తున్న. పోరికి ఆట ఉంది. గసొంటి కన్ను నేను సూడలే. గని గిట్ల ప్రతిదానికి మొక్కుకుంట పోతే అది ఆట గాదు, జాతరైతది. బండి ఆడేటోళ్లకే ఇయ్యాలె. పన్నెండు మంది తల్లులు నా మొకమే సూస్తున్రు. నేనేం జెయ్యాలె చెప్పు."

నాగారం నుంచి వచ్చే పిల్లవాడొకడు తగిలిన ప్రతివాణ్ణీ తోసేసి నవ్వుతూ గోల్స్ కొడుతున్నాడు. వాడికి బండి ఖాయమని అందరికీ తెలిసిపోయింది. మా పిల్లకు రాదని కూడా తెలిసిపోయింది. ఆ రోజు తిరిగి వెళ్లేటప్పుడు జహంగీర్ కూడా గోతుల సంగతి చెప్పడం మానేశాడు.

ఉప్పల్, కరెంటు సెలవు రోజు

అప్పట్లో నాచారం ఫ్యాక్టరీల వైపు కరెంటుకు కూడా సెలవులుండేవి. నాలుగో రోజు ఆ సెలవు. బ్యాటరీలు నిండలేదు కాబట్టి ఆట లేదు. ఊరికే గదిలో కూర్చోవడం ఎందుకని, వేణిని పాత కుర్చీలో తోసుకుంటూ అక్కడి క్రికెట్ స్టేడియం చూపించడానికి బయల్దేరాం.

గేటు వేసి ఉంది. కాపలా మనిషి కుర్చీలో నుంచి లేవకుండానే, "మ్యాచ్ లేదు. లోపల ఏముంది, గడ్డి ఉంది" అన్నాడు. గడ్డే చూస్తామన్నాం. మా ఊళ్లో గడ్డి లేదా అని అడిగాడు. ఉందని ఒప్పుకుని వెనక్కి తిరిగాం.

తిరుగు దారిలో, మెట్రో కోసం తవ్విన చోట కుర్చీ చక్రాలు బురదలో దిగిపోయాయి. నేను వెనక నుంచి తోశాను. ఇంకాస్త దిగాయి. అక్కడ లారీ నుంచి సిమెంటు బస్తాలు దింపుతున్న నలుగురు హమాలీలు బస్తాలు పక్కన పెట్టి వచ్చారు. నాలుగు వైపులా పట్టుకుని వేణిని కుర్చీతో సహా ఎత్తి, గట్టు మీద పెట్టారు. ఎత్తేటప్పుడు వాళ్లలో పెద్దాయన మోకాలు వేణి పాదానికి తగిలింది. కుర్చీ దించగానే వేణి పాదాన్ని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తల నిండా సిమెంటు, వేళ్లు ఆనిన చోట మాత్రం కనురెప్పల మీద బురద చుక్కలు.

ఆయన పేరు యాదగిరి, జనగామ వైపు మనిషి. నలుగురికీ టీ చెప్పాను. టీ ఆరు రూపాయలు. మా ఊళ్లో అయిదు, గ్లాసు కూడా పెద్దది. ఆ మాట పైకి అనలేదు. టీ తాగుతుంటే వేణి అడిగింది.

"మీరు ఆటలేమైనా ఆడేవారా అండీ?"

"కబడ్డీ ఆడేటోణ్ని బిడ్డా. మా ఊరి టీమ్‌ల నేనే పట్టేటోణ్ని. ఎవడొచ్చినా కాలు దొరికితే ఇడిశేది లేదు."

"అప్పుడు కాళ్లు తగిలితే దండం పెట్టేవారా?"

యాదగిరి గ్లాసు దింపి ఆమెను చూశాడు. వెక్కిరింతేమో అనుకున్నట్టున్నాడు. కాదని తెలిశాక తీరుబడిగా చెప్పాడు.

"ఆటల దండం ముందే అయిపోతది బిడ్డా. లోపలికి పోయేముందు వంగి గీతకు మొక్కుతం. అందర్కి కలిపి ఒక్కటే మొక్కు. లోపల ఎవని కాలు ఎవనికి తాకినా గా మొక్కుల్నే వచ్చింది. ఇగ లోపల ఎవడు ఎవనికి మొక్కుతడు? మొక్కితే ఎదుటోడే బాధపడ్తడు, నన్ను ఆడేటోని లెక్క జూస్తలేడని."

ఇంతే అన్నాడు. గ్లాసు ఇచ్చేసి బస్తాల దగ్గరకు వెళ్లిపోయాడు.

నేను టీ డబ్బులిచ్చి కుర్చీ తోయడం మొదలుపెట్టాను. గీతకు మొక్కి లోపలికి వెళ్లడం నాకు తెలియనిది కాదు. ముప్పై ఏళ్లుగా మైదానంలోకి అడుగుపెట్టే ముందు రోజూ వంగి నేల ముట్టుకుంటున్నాను. మా బడి పిల్లలందరికీ అది నేనే నేర్పాను. వేణికి నేర్పలేదు, ఎందుకంటే వేణిని ఏనాడూ గీత దాటించలేదు. ముందు రోజే ఇనుము గురించి ఉపన్యాసం ఇచ్చినవాడికి ఆ సంగతి ఒక హమాలీ చెప్పేదాకా గుర్తు రాలేదు. నాకు సిగ్గేసింది. వరండాలో ఆమె పక్కన పేర్చిన చెప్పుల వరసలన్నీ కళ్ల ముందు కనిపించాయి.

ఇంటికొచ్చాక వేణి గుమ్మం దగ్గర తలుపు చెక్క ఎక్కేటప్పుడు, "అమ్మా, అందరికీ కలిపి ఒకటే అట" అంది. నాగమణి ఊ అంది.

నాచారం, చివరి రోజు

గాలి మందుల ఫ్యాక్టరీ వైపు నుంచి వీస్తోంది. పన్నెండు మంది తల్లులు గోడ పొడుగునా నిలబడ్డారు. బండ్లు తక్కువ కాబట్టి మల్లేశ్ ముగ్గురేసి ఆడించాడు. ప్రతి ఆటలోనూ ఎదుటి జట్టులో రాజు ఉన్నాడు. వేణి పేరు చివర్న పిలిచారు.

వేణి బండి తెల్ల గీత దాకా వచ్చి ఆగింది. బంపర్ గీతను ఆనుకుని ఉంది. లోపలికి వెళ్లలేదు.

"ఏందమ్మా?" అన్నాడు మల్లేశ్.

"ఒక్క నిమిషమండి. అమ్మా, ఇలా రా."

నాగమణి వెళ్లింది. వేణి దానికి ఏదో చెప్పింది. మా చెల్లెలు వంగి, గీతను వేళ్లతో ముట్టుకుని, ఆ వేళ్లను కూతురి అరచేతికి తాకించింది. వేణి ఎడమ చేత్తో మోచెయ్యి ఎత్తుకుని, ఆ చేతిని మెల్లగా, తొందర లేకుండా, కళ్ల దాకా తీసుకెళ్లింది. ఒక కన్నుకు అద్దుకుంది, రెండో కన్నుకు అద్దుకుంది. మల్లేశ్ వాచీ చూడబోయి మానేశాడు. "టైం తీస్కో చెల్లె" అన్నాడు రాజు.

నాగమణి వెనక్కి వచ్చి గీత బయట నిలబడింది. వేణి లోపలికి వెళ్లింది.

మొదట బంతి వేణి ముందుకే వచ్చింది. రాజు ఎదురొచ్చాడు. బంపర్లు తగులుకున్నాయి. వేణి వేళ్లు మీట మీద నుంచి కొద్దిగా లేచాయి. బండి ఆగింది. రాజు కూడా ఆగాడు. మూడు రోజుల అలవాటు కొద్దీ దండం అయ్యేదాకా ఉందామనుకున్నాడు పాపం. వేళ్లు గాల్లో అలాగే ఒక్క క్షణం ఉండి, మళ్లీ మీట మీదకు దిగాయి.

"జరగండి" అంది వేణి.

కొంచెం అనలేదు, జరుగుతారా అని అడగలేదు. అండి మాత్రం పోలేదు. బంతితో సహా రాజును వెనక్కి తోసుకుంటూ పరుపుల గోడ దాకా తీసుకెళ్లింది. రాజు ఎడమ కాలి చెప్పు ఎగిరి నా దగ్గర పడింది. వేణి చెయ్యి లేవలేదు. గీత బయట నాగమణి చెయ్యి మాత్రం కళ్ల దాకా వెళ్లబోయి, మధ్యలో ఆగి, కొంగు సర్దుకుంది.

"సారూ, బంతి!" అని మల్లేశ్ అరుస్తున్నాడు. బంతి నా పక్క నుంచే బయటకు దొర్లిపోయింది. నేను రాజు చెప్పు పట్టుకుని ఏడుస్తున్నాను. ముప్పై ఏళ్లలో మైదానంలో ఏడవడం అదే మొదలు.

ఆ ఆటలో వేణి జట్టు రెండు గోల్స్ తింది, ఒకటి కొట్టింది. ఆ ఒకటి వేణిది. అయిపోయాక రాజు దగ్గరకు వెళ్లి ఏదో చెప్పబోయింది. "సారీ గీరీ వద్దు చెల్లె. మల్ల వచ్చినప్పుడు గూడ గట్లనే కొట్టు" అన్నాడు రాజు. నా చేతిలో చెప్పు తీసుకుని ఎవరో అతని కాలికి తొడిగారు.

మల్లేశ్ నోటు పుస్తకం తెరిచి పేర్లు చదివాడు. మొదటి పేరు నాగారం పిల్లవాడిది. రెండు, మూడు, నాలుగు అయ్యాయి. అయిదోది కూడా మాది కాదు. మా చెల్లెలు నేల చూపులు చూస్తోంది.

"ఆరోది, సత్యవేణి. ఒక గోల్ కొట్టింది. గందుకు గాదు. రాజుగాణ్ని గోడకు పెట్టింది, గందుకు."

నాగమణి కూతురి దగ్గరకు పరిగెత్తింది. అలవాటుగా బండి వెనక్కి వెళ్లి రెండు చేతులూ చాచింది. వేణి అప్పటికే బండి తిప్పి ఎదురొచ్చేసింది. ఇద్దరూ దాదాపు గుద్దుకున్నారు.

తెల్లారి బయల్దేరేటప్పుడు లక్ష్మక్క సర్వపిండి కట్టి ఇచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చేది. మా వైపు తపేలా అట్టుకు దగ్గరగా ఉంటుంది, దానికంటే గట్టిగా ఉంటుంది. "ఎట్లనన్న పోతరని అంటి గదా. వచ్చుడు గూడ మర్వకుండ్రి" అంది. రెండు నెలలకోసారి సాధనకు రావాలని మల్లేశ్ చెప్పాడు కాబట్టి, మర్చిపోయే అవకాశం కూడా లేదు. తలుపు రెక్క తీయకుండా అలాగే ఉంచుతానంది.

పాలకొల్లు

బండిని రైలు ఎక్కించడానికి, దింపడానికి పడ్డ పాట్లు రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. అది నేను రాయను.

వచ్చిన మూడో రోజు ఆటల పీరియడ్‌లో వేణి వరండాలో ఆగలేదు. వాలుగా వేయించిన చెక్క మీద నుంచి మైదానంలోకి దిగింది. పిల్లలు వాచీలు, చెప్పులు ఎవరికివ్వాలో తెలియక నా వైపు చూశారు. ఎవరివి వాళ్ల దగ్గరే పెట్టుకోమన్నాను. ఆ వారం ఒక వాచీ పోయింది.

సున్నం గీత దగ్గర వేణి ఆగింది. ఈసారి వాళ్లమ్మ లేదు. నేనే వంగి గీతను ముట్టుకుని, వేళ్లు ఆమె అరచేతికి తాకించాను. ఎడమ చేత్తో మోచెయ్యి ఎత్తుకుని కళ్లకద్దుకుంది. పిల్లలంతా నిలబడి చూశారు. వేణి లోపలికి వెళ్లింది, నేను పక్కన నిలబడి విజిల్ ఊదాను.

అయిదు నిమిషాల తరువాత బంతి నా కాళ్ల దగ్గరకు దొర్లింది. పక్కకు తప్పుకునేలోగా వేణి వచ్చేసింది. బంతిని తిప్పి కొట్టింది. బండి ముందు చక్రం నా కుడి బొటనవేలు మీద నుంచి నిదానంగా వెళ్లింది. మనిషితో కలిపి ఎంత బరువుందో నాకు ఆ పూట తెలిసింది. నొప్పికి విజిల్ నోట్లో నుంచి జారిపోయింది. నేను ఆమె చెయ్యి వంకే చూశాను. వేణి నా వేలిని చూసింది, నా మొహం చూసింది. వేళ్లు మీట మీదే ఉన్నాయి. బంతి వెనకాల వెళ్లిపోయింది.

గోరు నల్లబడి, రెండు నెలలకు ఊడిపోయి, ఇప్పుడు కొత్తది వస్తోంది. ఏమైందని ఎవరైనా అడిగితే, అది ఫౌల్ కాదు, ఆటలో తగిలిందని చెబుతున్నాను.